పరీక్ష పిల్లలకేనా, సార్లకు వద్దా?



కోయలో ఏరు అంటే నీళ్లు. గోండిలోనూ ఏర్ అంటే నీళ్లే. తెలుగు సారుకు ఏరు అంటే వాగు. గ్లాసులో నీళ్ల బొమ్మ చూపించి ఇదేంటని అడిగితే మన పిల్ల "ఏరు" అంటుంది. సారు తప్పు పెడతారు. ఆ తప్పు ఎవరిది?

నిపుణ్ భారత్ లెక్క ప్రకారం రెండో తరగతి అయ్యేసరికి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. ఏ భాషలో? మన ఏజెన్సీ బడుల్లో తెలుగులోనో, ఇంగ్లీషులోనో. ఇంట్లో తెలుగు వినని పిల్లకీ, తెలుగు ఇంట్లో పుట్టిన పిల్లకీ ఒకటే గడియారం! సవర పిల్లలకైతే ఇంకా కష్టం, వాళ్లది ముండా కుటుంబం భాష, తెలుగుతో చుట్టరికమే లేదు. వెనకబడితే రిజిస్టర్‌లో 'సి' పడుతుంది. ఆ 'సి' చెప్పేది పిల్లకు ఇంకా తెలుగు రాలేదని మాత్రమే. బడి మాత్రం పిల్లకు తెలివి లేదని చదువుకుంటుంది. పిల్ల కూడా అదే నమ్మి బడి మానేస్తుంది.

చట్టం లేక కాదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు మాతృభాషలోనే చెప్పమంది. పిల్లల అవగాహనను నిరంతరం, సమగ్రంగా చూడమన్నదీ ఆ సెక్షనే. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు కూడా వచ్చాయి. అంటే చెయ్యొచ్చు, చెయ్యట్లేదంతే.

మరి సార్ల అర్హత సంగతేంటి? టెట్ భాషల్లో కోయ లేదు, గోండి లేదు, సవర లేదు. ఏజెన్సీ టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. దాని కోసం మన పోరాటం ఆగదు. ఈలోపు భాష అర్హత పెట్టడానికి ఏం అడ్డం?

"తెలుగు, ఇంగ్లీషు రాకపోతే ఉద్యోగాలెట్లా?" అని మనోళ్లే అడుగుతున్నారు. రావాల్సిందే. కానీ తెలిసిన భాషలో చదవడం పట్టుబడ్డ పిల్లే రెండో భాషను గట్టిగా అందుకుంటుంది.

మేం అడిగేవి మూడే:

1. ఒకటి, రెండు తరగతుల్లో ముందు ఇంటి భాషలో నోటితో అడిగి అంచనా వేయాలి. తెలుగు మార్కు వేరే గడిలో వేయాలి.
2. ఏజెన్సీ బడికి వచ్చిన ప్రతి టీచరూ రెండేళ్లలో ఆ పిల్లల భాషలో మాట్లాడే పరీక్ష పాసవ్వాలి.
3. ఆ పరీక్ష పెట్టేవాళ్లలో మన ఊరి పెద్దలు ఉండాలి.

మీ ఊరి బడిలో పిల్లల భాష వచ్చిన టీచర్లు ఎంతమందో లెక్క తీయండి. ఈ మూడు డిమాండ్లతో కలిపి మీ ఐటీడీఏ పీవో గారికి రాసి ఇవ్వండి. ఇచ్చిన కాగితానికి రశీదు తీసుకోవడం మరవొద్దు.

జై ఆదివాసీ!