మర్రినీడలో నల్లని ముఖం

సినిమా కెమెరాను ఎంచుకునేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న "ఎన్ని కె?" అన్నది కాదని నా అభిప్రాయం. మిట్టమధ్యాహ్నం, మర్రిచెట్టు నీడలో, తెల్లని తలపాగా చుట్టుకుని కూర్చున్న నల్లని రైతు ముఖం ఆ కెమెరాలో ఎలా కనబడుతుంది? ముందు అడగవలసింది ఇది. తక్కిన ప్రశ్నలన్నీ దీని తరువాతివే.

ఈ సంగతిని చిన్న మంగళారం నుండి వ్రాయటానికి కారణం ఉంది. మొయినాబాదు, చేవెళ్ళ చుట్టుపక్కల ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్ళు పెరిగిన కొద్దీ పెళ్ళిళ్ళు చిత్రీకరించే యువకులూ పెరిగారు. వారిలో కొందరికి ఒక డాక్యుమెంటరీయో, చిన్న సినిమాయో తీయాలని ఉంది. మంచి కోరికే. కానీ ఆ కోరిక కథ మీదికి పోక ముందే కెమెరా కొనుగోలు మీదికి పోతోంది. కొన్ని గుంటలు అమ్మితే అలెక్సా రాదా అనే లెక్క ఇక్కడ వినబడుతూనే ఉంటుంది. కెమెరా కొన్నేళ్ళకు పాతబడుతుంది. అమ్మిన భూమి మాత్రం మళ్ళీ రాదు. అందుచేత ఈ లెక్కను కొంచెం నిదానంగా చూడటం అవసరం.

ముందు ఈ "కె"ల సంగతి. మ్యూనిక్ నగరంలో 1917లో మొదలైన ఆరీ సంస్థ తన అలెక్సా కెమెరాను 2010లో విడుదల చేసింది. అంతకు మూడేళ్ళ ముందే, 2007లో, రెడ్ వన్ కెమెరా 4కె అంకెతో మార్కెట్టులోకి వచ్చి ఉన్నది. అలెక్సా సెన్సారును పూర్తిగా వాడుకున్నా అడ్డంగా 3424 చుక్కలే, అంటే 3.4కె. అంకెలే ప్రమాణమైతే అది ఓడిపోవాలి. జరిగింది వేరు. హ్యూగో (2011), లైఫ్ ఆఫ్ పై (2012), గ్రావిటీ (2013), బర్డ్‌మన్ (2014), ది రెవెనెంట్ (2015) - వరుసగా ఐదేళ్ళు ఛాయాగ్రహణానికి ఆస్కారు పొందిన చిత్రాలలో ప్రధానంగా వాడినవి అలెక్సా కుటుంబపు కెమెరాలే. మన రాజమౌళి, ఛాయాగ్రాహకుడు సెంథిల్ కుమార్ కలిసి ఫిల్మును వదలి మొదటిసారి డిజిటల్‌కు వచ్చిన 'బాహుబలి' (2015) కూడ అలెక్సా ఎక్స్‌టీ మీద తీసినదే. 3.4కె కెమెరాతో తీసిన ఆ జలపాతం పెద్ద తెర మీద చిన్నబోయిందని ఎవరైనా అన్నారా?

ఆ తరువాత నెట్‌ఫ్లిక్స్ తన సొంత నిర్మాణాలకు 4కె సెన్సారు ఉండాలని నియమం పెట్టింది. ఆస్కార్లు తెచ్చిన తొలి తరం అలెక్సా ఆ పరీక్షలో తప్పింది. ఒక కొనుగోలుదారు తన సరుకుకు పెట్టుకున్న నిబంధన అది. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. దానిని సౌందర్య సూత్రంగా భావించటమే పొరపాటు. మన థియేటర్లు అనేకం నేటికీ 2048 చుక్కల వెడల్పు గల 2కె బొమ్మనే తెర మీద వేస్తున్నాయి.

మరి అలెక్సా గెలిచింది దేనితో? వెలుగునీడలను ఇముడ్చుకోగల శక్తితో. ఛాయాగ్రాహకులు దీనిని స్టాపులలో కొలుస్తారు. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావటం, లేదా సగం కావటం. 2010 నాటి అలెక్సా 14 స్టాపులు పట్టుకోగలదని ఆరీ ప్రకటించింది. 2022లో వచ్చిన అలెక్సా 35కు అదే సంస్థ చెప్పిన లెక్క 17.

ఈ అంకెలకు మన ప్రాంతంలో అర్థం ఏమిటో చూద్దాం. హైదరాబాదు నుండి బీజాపూరు పోయే రహదారి మీద, అప్పా కూడలి దాటినది మొదలు మన్నెగూడ దాకా, ఇరువైపులా పాత మర్రిచెట్లు ఉన్నాయి. లెక్కించినవారు 900కు పైగా తేల్చారు. ఎండాకాలం మధ్యాహ్నం రోడ్డు మీద పడే వెలుగు సుమారు లక్ష లక్సులు. దట్టమైన మర్రి కింద అది రెండువేల లోపుకు దిగవచ్చు. అంటే దాదాపు ఆరు స్టాపుల తేడా. తెల్లని పంచె తన మీద పడిన వెలుగులో ఎనభై శాతం పైగా తిరిగి పంపితే, ఎండలో మాడిన నల్లని చర్మం పదిశాతం అటూఇటూగా పంపుతుంది. ఇది మరో మూడు స్టాపులు. ఆ ముఖంలో కనుబొమల కింది నీడ, గడ్డం కింది ముడతలు కూడ కనబడాలంటే ఇంకొక రెండుమూడు కావాలి. ఎండలో నడిచిపోయే మనిషి పంచె, నీడలో కూర్చున్న మనిషి కన్ను - ఈ రెండూ ఒకే చిత్రంలో బ్రతకటానికి పన్నెండు స్టాపులు అవసరమన్నమాట. టీవీ కోసం తయారైన పాత వీడియో కెమెరాలకు ఇందులో సగమో, అంతకు కొంచెం ఎక్కువో మాత్రమే సాధ్యమయ్యేది. అందువలన ఛాయాగ్రాహకుడు ఎంచుకోవలసి వచ్చేది: ఆకాశమా, మనిషా? చాలాసార్లు ఆకాశమే మిగిలి, మనిషి నల్లని మచ్చ అయ్యాడు.

ఖరీదైన కెమెరా చేయగల అసలైన మేలు ఇదేనని నేననుకుంటాను: మనిషిని వదులుకోవలసిన అవసరం లేకుండా చేయటం. ఈ మేలును మన సినిమా ఎంత వాడుకుంటోంది? పదిహేడు స్టాపుల కెమెరా ముందు నటికి తెల్లని మేకప్ పూసి, ఎదురుగా మెత్తని లైటు పెట్టి, ఆపైన కలర్ గ్రేడింగులో మరికొంత తెల్లబరచే పని జరుగుతూనే ఉంది. అంతటి సెన్సారు అక్కడ చేస్తున్న పని చాలా స్వల్పం.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. కలర్ ఫిల్ము ముద్రించే లాబొరేటరీలకు కోడాక్ పంపిన షర్లీ కార్డుల మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్లజాతి స్త్రీ బొమ్మ. ఆమె చర్మం సరిగా వస్తే రంగులన్నీ సరిగా వచ్చినట్లు లెక్క. నల్లని చర్మం ఆ కొలతలో లేనే లేదు. అయినా ఆ ఫిల్ము మీదనే, తెలంగాణ పల్లెలో, బి.నర్సింగరావు 'దాసి' (1988) తీశారు. గడి లోపలి మసక వెలుతురులో అర్చన ముఖాన్ని ఎ.కె.బిర్ చిత్రించిన తీరుకు ఆ ఏటి జాతీయ పురస్కారం ఛాయాగ్రహణానికి వచ్చింది; ఉత్తమ నటి పురస్కారం అర్చనకు వచ్చింది. ఆ ముఖాన్ని తెల్లబరచాలని ఎవరూ ప్రయత్నించలేదు. నలుపులోనే ఎంత వివరం ఉందో చూపించారు. నేటి కెమెరా ఆనాటి ఫిల్ము కంటే నీడలో ఎక్కువ చూడగలదు. మనం మాత్రం తక్కువ చూపిస్తున్నాము.

ఇక వాడకం గూర్చి. కెమెరా ఎంత గొప్పదైనా దానిని ఆటోమేటిక్‌గా వదిలివేస్తే మన ముఖాలకు న్యాయం జరగదు. మీటరు ప్రపంచమంతా పద్దెనిమిది శాతం బూడిదరంగేనని భావిస్తుంది. తెరనిండా తెల్లని పంచె ఉంటే బొమ్మను చీకటి చేస్తుంది. నల్లని ముఖం నిండితే దానిని లేని తెలుపులోకి లాగుతుంది. వేవ్‌ఫారం, ఫాల్స్ కలర్ చదవటం నేర్చుకుని, ముఖం ఏ మెట్టున ఉండాలో ఛాయాగ్రాహకుడే నిర్ణయించాలి. నల్లని చర్మానికి సూటిగా కొట్టే లైటు కంటే పక్కనుండి వచ్చే వెడల్పాటి పరావర్తనం మేలు. చర్మం మీది మెరుపే దాని ఆకారాన్ని చెబుతుంది. ఒక తెల్లని దుప్పటి, ఒక థర్మోకోల్ పలక, పట్టుకోవటానికి ఒక మనిషి ఉంటే చాలు.

మన ఎండకు ఇంకొక జాగ్రత్త కావాలి. అలెక్సా సహజ వేగం 800. సెకనులో యాభయ్యో వంతు షట్టరుతో మిట్టమధ్యాహ్నపు ఎండలో లెక్క వేస్తే ఎఫ్-64 దగ్గర తేలుతుంది. ముఖం వెనుక నేపథ్యం మెత్తబడేటట్లు ఎఫ్-4లో తీయాలంటే ఎనిమిది స్టాపులు అడ్డుకునే ఎన్.డి. ఫిల్టరు వేయాలి. అక్కడ చౌక ఫిల్టరు వేస్తే అది కంటికి కనబడే వెలుగును ఆపుతుంది గాని పరారుణ కిరణాలను వదిలివేస్తుంది. నల్లని బట్ట ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. లక్షలు పోసిన కెమెరాను కొన్ని వేలకు కక్కుర్తిపడి పాడుచేసుకోవటం ఇట్లాగే జరుగుతుంది.

కొనాలా, అద్దెకు తేవాలా అన్న ప్రశ్నకు నా సమాధానం సూటిగానే ఉంటుంది: పెద్ద కెమెరాను అద్దెకు తెండి. పెద్ద నిర్మాణాలు కూడ చేసేది అదే. కెమెరాకు తగిన మంచి లెన్సుల పెట్టె చాలాసార్లు కెమెరా కంటే ఖరీదు. దానికి బ్యాటరీలు, కార్డులు, మానిటరు, ఫోకస్ చూసే మనిషి తోడవుతారు. భూమి అమ్మి కొన్న కెమెరాకు లెన్సులు మిగలవు. లెన్సులు కొంటే శబ్దానికి మిగలదు. పన్నెండు రోజుల చిత్రీకరణకు ఏడాదంతా కెమెరాను పోషించటం, వరికోత కోసం హార్వెస్టరు కొన్నట్లు ఉంటుంది.

కొందరికి అద్దె కూడ భారమే కావచ్చు. అది సినిమా మానుకోవటానికి కారణం కానక్కరలేదు. 2011లో రాంగోపాల్ వర్మ 'దొంగల ముఠా'ను కానన్ 5డి స్టిల్ కెమెరాలతో ఐదు రోజులలో ముగించారు. ఆ చిత్రం మంచిచెడ్డలు వేరు సంగతి. అది థియేటరు తెర మీద ఆడిందన్నది మాత్రం నిజం. 2023లో 'ది క్రియేటర్' అనే భారీ హాలీవుడ్ చిత్రాన్ని సోనీ ఎఫ్ఎక్స్3 అనే చేతిలో ఇమిడే కెమెరాతో తీశారు. 'స్లమ్‌డాగ్ మిలియనీర్' (2008)లో చాలాభాగానికి ఆంథొనీ డాడ్ మాంటిల్ వాడినది ఎస్ఐ-2కె. ముంబాయి ఇరుకు సందులలో పరుగెత్తటానికి పెద్ద కెమెరా పనికిరాదు గనుక చిన్నదానిని ఎంచుకున్నారు. ఆస్కారు దానికే వచ్చింది. చోటు కెమెరాను నిర్ణయించింది.

ఇంకొక ఖర్చును ఎవరూ ముందుగా లెక్కించరు. అలెక్సా ఎక్స్‌టీలో పూర్తి సెన్సారును ముడిరూపంలో నమోదు చేస్తే ఒక్కొక్క ఫ్రేము పదకొండు మెగాబైట్ల పైచిలుకు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున గంటకు దాదాపు ఒక టెరాబైటు. దానికి మూడు ప్రతులు, రెండు వేరువేరు చోట్ల, ఉంచుకోవాలి. ఫిల్ము రోజులలో వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలకు అయిపోయేది. ఆ భయం వలన రిహార్సలు జరిగేది. ఇప్పుడు కెమెరా ఆగదు. ఎడిటింగు బల్ల దగ్గర మాత్రం మనిషి ఆగిపోతాడు. రోజుకు గంట ఫుటేజి మించకూడదని మొదటే గీత గీసుకోవటం మంచిది.

చివరగా, ఆచరణకు ఒక సూచన. ఏ కెమెరానైనా నిర్ణయించుకునే ముందు ఒక్క పూట అద్దెకు తెచ్చి మూడు చిత్రాలు తీయండి. ఒకటి, మధ్యాహ్నం మర్రికింద తెల్లని తలపాగాతో ఉన్న పెద్దమనిషి. రెండు, గులాబీలు పెంచే పాలీహౌసులో ఎర్రని పువ్వు. డిజిటల్ సెన్సార్లలో గాఢమైన ఎరుపు తొందరగా పొంగి రేకుల గీతలు మాయమవుతాయి, అది పెద్ద పరీక్ష. మూడు, పొద్దుగూకిన తరువాత వాకిట్లో ఒకే ఒక బల్బు వెలుగున వంటచేసే స్త్రీ. ఈ మూడింటినీ ఫోనులో కాక పెద్ద తెర మీద చూడండి. ముగ్గురు మనుషులను కూర్చోబెట్టి, ఏ కెమెరాదో చెప్పకుండా చూపండి. ఖరీదైనదానికీ చౌకదానికీ ముఖంలో తేడా కనబడకపోతే చౌకదే మీ కెమెరా.

ఆ మర్రిచెట్లను రోడ్డు వెడల్పు నుండి కాపాడుకోవటానికి జరిగిన పోరాటం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. వాటి కింద కూర్చునే తరం కూడ ఎల్లకాలం ఉండదు. కాబట్టి ఆ మొదటి పరీక్షా చిత్రాన్ని పారవేయకండి. అందులోని పెద్దమనిషి పేరు, ఊరు, తేదీ వ్రాసి దాచండి. ఛాయాగ్రహణం వృత్తిగా గల మిత్రులు పై లెక్కలలో చేర్చవలసినదేమైనా ఉంటే వ్యాఖ్యలలో తెలియజేయ ప్రార్థన.