పట్టుచీర సరే.. పుస్తకమేదీ?

పండగ దగ్గరపడితే బరంపురం బడాబజారులో కాలు పెట్టే చోటుండదు. విశాఖ నుంచో, హైదరాబాద్ నుంచో వచ్చే ఆడపడుచుకు పట్టుచీర తీయాలి. తిరిగి వెళ్లేటప్పుడు సంచిలో అప్పడాలు, వడియాలు, ఊరగాయ సర్దాలి. అటునుంచి వచ్చేవారూ వట్టి చేతులతో రారు. మిఠాయి పెట్టె, పిల్లలకు బట్టలు, బ్యాటరీ బొమ్మలు తెస్తారు. ఇన్ని వస్తువులు సరిహద్దు దాటుతున్నా వాటిలో తెలుగు పుస్తకం మాత్రం అరుదు. 'పండక్కి పుస్తకమేంటండీ' అని నవ్వేవారే ఎక్కువ.

నవ్వేముందు ఒక్కసారి వెనక్కి చూడాలి. ఇది పుస్తకాలు చదివిన ఊరే కాదు, తెలుగువారికి పుస్తకాలు అందించిన ఊరు. 1910ల్లో వేగుచుక్క గ్రంథమాల నడిచింది ఇక్కడే. తెలుగులో తొలినాటి డిటెక్టివ్ నవలల్లో ఒకటైన 'వాడే వీడు' రాసిన దేవరాజు వెంకటకృష్ణారావుది ఆ గ్రంథమాలే. తాపీ ధర్మారావు 1887లో పుట్టింది బరంపురంలో. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది అప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. వెళ్లలేని వేల కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి.

ఆ కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం పెరుగుతోంది. 'మామయ్యా, ఎప్పుడొచ్చావు?' అని చక్కగా పలకరించే పిల్లాడు బస్సు బోర్డు మీద 'ఇచ్ఛాపురం' అన్న మాటను కూడబలుక్కోలేడు. బడిలో ఒడియా, ఇంగ్లిష్.. ఇంట్లో మాత్రమే తెలుగు. దీనికి పిల్లాణ్ని తప్పుపట్టే పనిలేదు, ఒడియానూ తప్పుపట్టనక్కర్లేదు. ఈ నేల మీద బతకాలంటే ఒడియా రావాల్సిందే. కానీ ఇంటి భాషకు అక్షరం లేకుండా పోతే, తాతయ్య ట్రంకుపెట్టెలో దాచుకున్న ఉత్తరాలు మనవడికి వట్టి గీతలే.

నిజానికి ఒడియా చదివే పిల్లలకు తెలుగు అక్షరాలు కొండ ఎక్కడమేమీ కాదు. అ ఆ ఇ ఈ వరుస అదే, క ఖ గ ఘ వరుసా అదే. మారేది రూపమే. హ్రస్వమైన ఎ, ఒ ఒడియాలో లేవు కాబట్టి అక్కడ కాస్త తడబడతారంతే. ఇంట్లో ఒకరు పూనుకుంటే వేసవి సెలవులు చాలు. అయితే ముందు చదవడానికి ఇంట్లో ఏదో ఒకటి ఉండాలి కదా! ఒకప్పుడు ఒకే ఇంట్లో చందమామ, దాని ఒడియా రూపం 'జహ్నమామూ' పక్కపక్కనే ఉండేవి. ఇప్పుడు రెండూ లేవు.

అందుకే పండక్కి వచ్చే బంధువులు మిఠాయి పెట్టెతో పాటు ఒక పుస్తకం కూడా తేవాలి. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం సంస్థ వేసేలాంటి పలుచని బొమ్మల పుస్తకం చాలు. ధర కిలో స్వీట్లలో ఎన్నో వంతో! ఏటా జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది, సంక్రాంతికి బయలుదేరేవారు అక్కడే కొనుక్కోవచ్చు. అయితే పుస్తకం చేతిలో పెట్టి 'ఏదీ, చదువు చూద్దాం' అని నలుగురిలో పరీక్ష మాత్రం పెట్టకూడదు. ఆ దెబ్బకి పిల్లాడు మళ్లీ దాని జోలికి పోడు. పక్కన కూర్చోబెట్టుకుని తొలి కథ వాళ్లే చదివి వినిపించాలి.

పిల్లల సంగతి అలా ఉంచితే, ఎవరికీ గుర్తురాని పాఠకులు మరొకరున్నారు. సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం నుంచి ఇక్కడికి కాపురానికి వచ్చిన కోడళ్లు. తెలుగులో చదువుకుని వచ్చినవారు. అప్పట్లో వారపత్రికలతో సరిపెట్టుకునేవారు, వాటిలో చాలా మూతపడ్డాయి. పుట్టింటి నుంచి చీర వస్తుంది, సారె వస్తుంది. ఒక నవల వస్తే ఎంత సంబరమో అడిగినవారు లేరు.

రాలేనివారు పంపొచ్చు. పుస్తకాలకు చవకగా ఉండే రిజిస్టర్డ్ బుక్‌పోస్టును తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేయడం ప్రచురణకర్తలకూ పాఠకులకూ గట్టి దెబ్బే. ఆ తర్వాత 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' వచ్చింది. మొదట్లో ప్రకటించిన ధర 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్నులు అదనం. వారపత్రికలు దీనికింద చెల్లవు, పుస్తకాలు చెల్లుతాయి.

ఇటునుంచి అటూ వెళ్లాలి మరి. ఒడియాలో తొలి సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న గోపీనాథ్ మహంతి నవలను పురిపండా అప్పలస్వామి 'అమృత సంతానం'గా తెలుగులోకి తెచ్చారు. బరంపురం బంధువు హైదరాబాద్‌కు అప్పడాలతో పాటు అలాంటిదొకటి పట్టుకెళితే, ఒడిశా అంటే పూరీ జగన్నాథుడొక్కడే అనుకునేవారికి కొంత తెలుస్తుంది.

ఐస్‌లాండ్ అనే దేశం ఉంది. జనాభా నాలుగు లక్షల లోపు.. ఇంచుమించు బరంపురమంత. అక్కడ క్రిస్మస్‌కు ఒకరికొకరు పుస్తకాలే ఇచ్చుకుంటారు. 1944 నుంచి కొత్త పుస్తకాల జాబితాను ఇంటింటికీ పంపుతున్నారు. యుద్ధకాలంలో మిగతా సరుకులకు కటకట ఉన్నా కాగితం దొరకడంతో ఆ అలవాటు స్థిరపడిందంటారు. బరంపురానికి అంత జాబితా అక్కర్లేదు. ఇంటికొక పుస్తకం వస్తే చాలు.

ఒక చిన్న మాట. ఇచ్చేవారు మొదటి పేజీలో పిల్లాడి పేరు తెలుగులోనే రాయాలి. తన పేరును ఆ అక్షరాల్లో చూసుకోవడం చాలామందికి అదే మొదటిసారి.