మెకానికల్ ఇంజనీరింగ్ గడప ఎవరికి ఎత్తు?

మెకానికల్ ఇంజనీరింగ్ చదవడానికి అర్హత ఏమిటని అడిగితే ప్రవేశాల నోటిఫికేషన్ నాలుగు ముక్కల్లో చెబుతుంది. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి ఉండాలి. గ్రూపు సబ్జెక్టుల్లో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, రిజర్వుడు వర్గాలకు 40 శాతం మార్కులు రావాలి. ఎప్‌సెట్‌లో 160కి కనీసం 40 మార్కులు తెచ్చుకోవాలి. ఎస్సీ, ఎస్టీలకు ఈ చివరి నిబంధన లేదు. ఆ ఒక్క వెసులుబాటును పట్టుకుని ‘ప్రతిభ’ నాశనమైపోయిందని వాపోయేవారికి మన దగ్గర కొదవ లేదు. పట్టా చేతికి రావాలంటే అందరూ అవే క్రెడిట్లు పూర్తి చేయాలని, అదే థర్మోడైనమిక్స్ పేపరు రాసి నెగ్గాలని మాత్రం వారు చెప్పరు. సడలింపు గడప దగ్గరే ఉంది, లోపల లేదు.

నన్ను కలవరపెట్టేది ఈ అర్హతల జాబితాలో లేని విషయం. యంత్రాన్ని చేత్తో ఎరిగినవాడికి ఇందులో ఎక్కడా చోటు లేదు. కొనసముద్రం కొలుముల్లో తయారైన ఉక్కు డమాస్కస్ కత్తులకు ముడిసరుకైందని చరిత్ర పాఠాల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఆ కొలిమి దగ్గర నిలబడిన కమ్మరి వారసులు నేడు బీసీ-బి జాబితాలో ఉన్నారు. లోహశాస్త్రం పాఠ్యపుస్తకంలో వారి ఊసు ఉండదు. వలస పాలనలో ఇంజనీరింగ్ విద్య మొదలైనప్పుడు, తరతరాలుగా చేతివృత్తులవారి వద్ద ఉన్న సాంకేతిక జ్ఞానం ఏ విధంగా అగ్రకులాల పుస్తక విద్యగా మారిందో అజంతా సుబ్రమణియన్ 2019లో వెలువరించిన ‘ది కాస్ట్ ఆఫ్ మెరిట్’ వివరంగా చూపింది. చేతికి ఐటీఐ, బుర్రకు ఐఐటీ అన్న విభజన ఆనాటిదే. కులవ్యవస్థకు ఆ విభజన కొత్తేమీ కాదు.

నేనుండే చందానగర్‌కు ఒకవైపు హైటెక్ సిటీ, మరోవైపు రామచంద్రాపురం భెల్ ఉన్నాయి. ముంబై రహదారి మీద ఇంకా ముందుకు పోతే పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఆపైన కందిలో ఐఐటీ వస్తాయి. ప్రభుత్వరంగం బలంగా ఉన్న రోజుల్లో ఫిట్టర్, టర్నర్, ఇంజనీరు కొలువుల్లో రిజర్వేషన్ ఉండేది. ఎన్నో దళిత, బహుజన కుటుంబాల్లో నెలజీతం అందుకున్న మొదటి తరం ఆ గేట్ల గుండానే లోపలికి వెళ్లింది. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో ఆ నిబంధన లేదు. మెకానికల్ నుంచి కంప్యూటర్ సైన్స్‌కు సాగుతున్న వలసను అందరూ మార్కెట్ సంగతిగానే చూస్తున్నారు. రిజర్వేషన్ ఉన్న కొలువుల నుంచి అది లేని కొలువులకు మళ్లడం కూడా అందులో ఉంది.

ఈ వలసలో ఎవరూ లెక్కలోకి తీసుకోని నష్టం ఒకటి జరుగుతోంది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి, మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. రెండేళ్ల కార్పొరేట్ కోచింగ్ భరించలేని ఇళ్ల పిల్లలకు ఇంజనీరింగ్‌లోకి ఉన్న దగ్గరి దారి ఇదే. ఇలా చేరేవారికి శాఖలోని మంజూరైన సీట్లకు అదనంగా పది శాతం కేటాయిస్తారు. అంటే 60 సీట్ల మెకానికల్ శాఖను కళాశాల ఎత్తివేస్తే, పత్రికల్లో 60 సీట్లు పోయాయనే వస్తుంది. దానితోపాటు పోయిన ఆరు ల్యాటరల్ సీట్ల ముచ్చట ఎవరికీ పట్టదు. కంప్యూటర్ సైన్స్‌లో అవే ఆరు సీట్లు పెరిగాయి కదా అనవచ్చు. కానీ ఈసెట్ శాఖలవారీ పరీక్ష. మెకానికల్ డిప్లొమా చేసినవాడి దారి ప్రధానంగా మెకానికల్, దాని అనుబంధ శాఖల్లోకే సాగుతుంది.

నా తరగతిలో లేత్ ముందు తడబడకుండా నిలబడేది ఈ విద్యార్థులే. యంత్రభాగం డ్రాయింగ్ చూడగానే దాన్ని ఏ వరుసలో చెక్కాలో చెబుతారు. అయితే మొదటి ఏడాది గణితం వారికి తప్పిపోయి ఉంటుంది. మూడో సెమిస్టర్‌లో అవకలన సమీకరణాలు ఎదురవగానే కింద పడతారు. వెనక బెంచీలో ‘ల్యాటరల్ బ్యాచ్’ అన్న పేరు స్థిరపడుతుంది. ఆ పేరులో కులం వినిపించదని అనుకునేవారు ఒక్క వారం హాస్టల్‌లో ఉండి చూడాలి.

దీనికి విరుగుడుగా గణితాన్నే తీసేద్దామనే ఆలోచన కూడా వచ్చింది. 2021లో ఏఐసీటీఈ ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదవకపోయినా కొన్ని ఇతర సబ్జెక్టులతో ఇంజనీరింగ్‌లో చేరవచ్చని ప్రకటించి విమర్శల పాలైంది. సామాజిక న్యాయం పేరుతో దాన్ని సమర్థించిన మిత్రులతో నేను ఏకీభవించలేదు. డబ్బున్న ఇంటి పిల్లవాడు గణితాన్ని బయట కొనుక్కుంటాడు. మన పిల్లలకు గణితం లేని పట్టా మిగులుతుంది. అర్హతను తగ్గించడం కంటే, ఆ అర్హతను అందుకునే బోధనను ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు, పాలిటెక్నిక్‌లకు చేర్చాలని అడగడమే అంబేద్కర్ బాట.

మార్కుల అర్హతకు తోడు డబ్బు అర్హత ఒకటి ఉంది. కన్వీనర్ కోటాకు బయట ఉన్న 30 శాతం యాజమాన్య సీట్లలో రిజర్వేషన్ లేదు. రాష్ట్రంలోని ప్రైవేటు విశ్వవిద్యాలయాల సంగతి చెప్పనే అక్కరలేదు. ప్రైవేటు కళాశాలలో ఇంటర్ చదివి, పది వేలలోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంట్ 35,000 రూపాయల దగ్గరే ఆగిపోయింది. లక్ష దాటిన ఫీజుల కాలంలో మిగతాది అప్పే.

కాబట్టి అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. ల్యాటరల్ విద్యార్థులకు తరగతులు మొదలయ్యే ముందే జీతభత్యాలున్న అధ్యాపకులతో, క్రెడిట్ గల గణిత వారధి కోర్సు నడపాలి. ఇప్పుడు చాలాచోట్ల అది కాగితం మీదే ఉంది. మెకానికల్ శాఖను మూసే ప్రతి కళాశాల వదిలే ల్యాటరల్ సీట్లను విశ్వవిద్యాలయ ప్రభుత్వ కళాశాలల్లో కలపాలి. సీట్ల మార్పిడి దరఖాస్తులు పరిశీలించేటప్పుడే, ఎన్ని డిప్లొమా సీట్లు పోతున్నాయో, అందులో ఎస్సీ, ఎస్టీ, బీసీల వాటా ఎంతో ఉన్నత విద్యామండలి లెక్క తీసి ప్రజల ముందు పెట్టాలి.