పక్కోడి డబ్బా తెప్పించి చూశావా అన్నా?

గట్టు మీద నిలబడి పక్కోడి చేను చూడని రైతు మన ఊళ్లల్లో ఒక్కడైనా ఉన్నాడా? వాడి శనక్కాయ మనదానికంటే పచ్చగా కనపడితే చాలు, ఏం విత్తనం వేసినావ్, ఏం మందు కొట్టినావ్, ఎన్నో తడి అని ఆరా తీస్తాం. యార్డుకు పోతే మన సరుకు కాటా ఎక్కకముందే పక్క లాటు ఎంత పలికిందో కనుక్కుంటాం. ఇందులో సిగ్గుపడేదేం లేదు. సేద్యమంటేనే అది.

అదే రైతు గానుగ పెట్టి ఫోన్లో నూనె అమ్మడం మొదలుపెట్టగానే కళ్లకు గంతలు కట్టుకుంటాడు. అడిగితే ఒకటే మాట: "మనది ఒరిజినల్ అన్నా, మిగతావన్నీ కల్తీ." ఎవరిది కల్తీ? ఎన్ని డబ్బాలు తెప్పించి చూశావ్? ఒక్కటి కూడా లేదు! ఊరూరా ఇదే పాట. మనల్ని ముంచుతున్నది పెద్ద కంపెనీలు కాదు, ఈ పాటే అంటాను నేను. కోపం వచ్చినోళ్లు రానీయండి.

ఇంకో రకం వాళ్లున్నారు. పోటీవాడి రేటు ఒక్కటే చూస్తారు. వాడు 250 పెడితే వీళ్లు 240. లెక్క వేశారా? చెక్క గానుగలో లీటరు నూనె రావాలంటే సుమారు రెండున్నర కిలోల గింజలు కావాలి. కిలో 120 అనుకుంటే గింజలకే 300. చెక్క అమ్మిన డబ్బు తీసేసినా, ఆడించిన ఖర్చు, సీసా, అట్టపెట్టె, కొరియర్ కలిపితే 250కి గిట్టదు. అంటే ఆ పోటీవాడికి గింజలు ఎక్కడో చవగ్గా దొరుకుతుండాలి, లేదా వాడు నష్టానికి అమ్ముతుండాలి, లేదా అది గానుగ నూనె కాకపోయుండాలి. ఈ మూడింట్లో ఏదో తేలకుండా నువ్వు పది రూపాయలు తగ్గిస్తే, ఎవడితో పోటీ పడుతున్నావో నీకే తెలియదు.

తూకం సంగతి చూడండి. లీటరు శనక్కాయ నూనె కిలో తూగదు, 910 గ్రాములు అటూఇటూ. ఒకడు 15 కిలోల డబ్బా అంటాడు, ఇంకొకడు 15 లీటర్లది అంటాడు. ఫోటోలో రెండు డబ్బాలూ ఒక్కలాగే కనపడతాయి. 15 లీటర్లంటే 13.65 కిలోలే. కిలో పైన తేడా! నువ్వు కిలోల లెక్కన నిజాయితీగా ఇస్తూ, లీటర్లవాడి రేటు చూసి తగ్గించుకుంటున్నావంటే, నీ కష్టం నువ్వే ఊరికే పంచిపెడుతున్నట్టు.

అందుకే చెప్తున్నా, పదివేలు పెట్టి ఆన్‌లైన్ వ్యాపారం కోర్సు కొనే బదులు ముగ్గురు పోటీవాళ్ల డబ్బాలు కొనండి. డబ్బులిచ్చి కొనండి, వాడేసి వాపస్ పంపే వేషాలు వద్దు. ఎన్ని రోజులకు వచ్చింది, మూత దగ్గర కారిందా, పెట్టె ఎంత సైజుంది, టేపుతో కొలవండి. కొరియర్ వాళ్లు ఉత్త బరువే చూడరు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు చాలామంది. 30, 25, 20 పెట్టె అయితే లోపల లీటరు సీసా ఒక్కటే ఉన్నా 3 కిలోల బిల్లు పడుతుంది. కిరాణా కొట్టులో మిగిలిన పెట్టెలో గడ్డి కుక్కి పంపేవాళ్లు ఇది గుండె మీద చెయ్యేసుకుని చదవండి. పోటీవాడు లీటరు సీసా మానేసి 5 లీటర్ల డబ్బానే ఎందుకు అమ్ముతున్నాడో పెట్టె కొలిస్తే అర్థమవుతుంది.

తర్వాత వాడి సరుకు కొన్నవాళ్లు రాసింది చదవండి. ఐదు చుక్కలవి పక్కన పెట్టండి, వాటిల్లో చుట్టాలుంటారు. రెండు, మూడు చుక్కలవే అసలైనవి. "అడుగున మడ్డి ఉంది", "పొయ్యి మీద పెడితే నురగ వచ్చింది", "ఫోన్ ఎత్తలేదు." మడ్డి గానుగ నూనెలో సహజమే, రెండు మూడు రోజులు తేరనిస్తే చాలావరకు పోతుంది. ఆ సంగతి కొనేవాళ్లకు పోటీవాడు చెప్పలేదు. నువ్వు డబ్బా మీద రెండు లైన్లు రాసిపెడితే ఆ ఫిర్యాదు నీకు రాదు. ఫేస్‌బుక్‌లో వాడు ఏ ప్రకటనలు నడుపుతున్నాడో మెటా యాడ్ లైబ్రరీలో పైసా ఖర్చు లేకుండా ఎవరైనా చూడొచ్చు. నెలల తరబడి నడుస్తున్నదుంటే దానికి ఫోన్లు వస్తున్నాయనే కదా.

"ఇది కాపీ కొట్టడం కాదా" అని కొందరంటారు. వాడి ఫోటోలు, వాడి మాటలు ఎత్తి పెట్టుకుంటే అది దొంగతనమే. వాడు ఆర్గానిక్ అని రాశాడని నువ్వూ రాస్తే ఇంకా ప్రమాదం. వాడి దగ్గర పీజీఎస్ సర్టిఫికెట్టో ఇంకోటో ఉండొచ్చు, నీ దగ్గర ఏముంది? చూడటం వేరు, ఎత్తుకోవడం వేరు. పక్కచేను చూసి విత్తనం పేరు అడుగుతాం గానీ కాయలు పీక్కు రాం కదా.

"నాణ్యత ఉంటే అదే అమ్ముడుపోతుంది" అనే పెద్దలకు ఒక్క ప్రశ్న. హైదరాబాద్‌లో కూర్చున్న అక్కకు నీ నూనె వాసన ఫోన్లోంచి వస్తుందా? ఆమెకు కనపడేది నాలుగు ఫోటోలు, ఒక రేటు, నువ్వు ఫోన్ ఎత్తావా లేదా అన్నది. ఆ నాలుగింట్లో నీ పక్కోడు ఏం చూపిస్తున్నాడో తెలియకుండా నువ్వేం చూపిస్తావ్?

ఈసారి గింజలు ఆడించకముందే ఎవరైనా డబ్బాలు తెప్పిస్తే తూకం, పెట్టె కొలతలు, వచ్చిన రోజులు ఇక్కడ పెట్టండి. కంపెనీ పేరు కొట్టేసి పెట్టండి. తిట్లు వద్దు, అంకెలు చాలు.