డీవీడీ ప్లేయర్ కొనే ముందు టీవీ వెనక్కి చూడాలి

సినిమా చూడాలంటే ఇప్పుడు చాలామందికి డీవీడీ ప్లేయర్ అక్కర్లేదు. ఆ పని ఫోను, ఇంటర్నెట్ చేసిపెడుతున్నాయి. అయినా ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో ఈ పరికరం కోసం అడిగేవారు ఇంకా ఉన్నారు. వారిలో చాలామంది ఇంట్లో బీరువా అడుగున ఒక పెళ్లి వీడియో, ఒక గృహప్రవేశం, పోయిన పెద్దవారి మాట వినిపించే ఒక షష్టిపూర్తి డిస్క్ ఉంటుంది. అవి ఇంటర్నెట్‌లో ఎక్కడా దొరకవు. చాలా ఇళ్లలో ఆ డిస్క్ ఒక్కటే ప్రతి. కాబట్టి ఏ ప్లేయర్ కొనాలి, టీవీకి ఎలా కలపాలి అన్నది పాతబడిన ప్రశ్న కాదు.

ఈ కొనుగోలులో జరిగే పొరపాటు ఒకటే. ధర చూస్తారు, కంపెనీ పేరు చూస్తారు, పెట్టె మీద రాసిన ఆకర్షణలు చూస్తారు. ఇంట్లో టీవీ వెనుక ఏయే సాకెట్లు ఉన్నాయో చూడరు. నిజానికి ఎంపిక మొదలవ్వాల్సింది అక్కడే.

టీవీకి బొమ్మ చేరే దారులు ముఖ్యంగా మూడు. మొదటిది అందరికీ తెలిసిన మూడు రంగుల తీగ. పసుపు పచ్చది బొమ్మకు, తెలుపు ఎడమవైపు శబ్దానికి, ఎరుపు కుడివైపు శబ్దానికి. దీన్ని దుకాణాల్లో ఏవీ కేబుల్ అంటారు. ఇందులో వెలుగు, రంగు కలిసి ఒకే తీగలో ప్రయాణిస్తాయి కాబట్టి అంచుల్లో స్పష్టత తగ్గుతుంది. రెండోది కాంపొనెంట్. ఆకుపచ్చ, నీలం, ఎరుపు తీగలు మూడూ బొమ్మకే. శబ్దానికి తెలుపు, ఎరుపు తీగలు వేరుగా కావాలి. ఇక్కడ ఎరుపు రెండుసార్లు వస్తుంది కాబట్టి తికమకపడటం సహజం. మూడోది హెచ్‌డీఎంఐ. బొమ్మ, శబ్దం రెండూ ఒకే తీగలో డిజిటల్ రూపంలో వెళతాయి. ప్లేయర్‌కూ టీవీకీ ఇది ఉంటే మిగతా రెండింటి గురించి ఆలోచించనక్కర్లేదు.

చిక్కు వచ్చేది రెండు పరికరాల వయసు వేరైనప్పుడు. పాత ప్లేయర్లలో చాలావాటికి రంగుల సాకెట్లే ఉంటాయి. కొత్త టీవీల్లో కొన్నింటికి అవి లేవు. మరికొన్నింటిలో ఆ మూడింటికి బదులు ఇయర్‌ఫోన్ రంధ్రం లాంటి ఒకే చిన్న సాకెట్ ఉంటుంది. దానికి టీవీ కంపెనీ ఇచ్చిన అడాప్టర్ తీగే వాడటం మంచిది. బయట దొరికే తీగలు చూడటానికి అలాగే ఉన్నా, లోపలి కనెక్షన్ల వరుస అన్నింటికీ ఒకటి కాదు. బొమ్మ రావాల్సిన చోట శబ్దపు సిగ్నల్ చేరితే టీవీ పాడైందని భ్రమపడతారు.

సాకెట్లు అసలే కలవకపోతే మధ్యలో చిన్న కన్వర్టర్ పెట్టాలి. అయితే దానికి దిశ ఉంటుంది. ఏవీ సిగ్నల్‌ను హెచ్‌డీఎంఐగా మార్చేది వేరు, హెచ్‌డీఎంఐని ఏవీగా మార్చేది వేరు. రెండూ ఒకేలాంటి డబ్బాలే. ఒకదాని బదులు మరొకటి తెస్తే ఎన్ని గంటలు కూర్చున్నా బొమ్మ రాదు.

కలిపాక బొమ్మ రాకపోతే ప్లేయర్ చెడిపోయిందనుకోవడం తొందరపాటు. ముందు టీవీ రిమోట్‌లో సోర్స్ లేదా ఇన్‌పుట్ బటన్ నొక్కి, తీగ పెట్టిన సాకెట్ పేరు ఎంచుకోవాలి. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంటే పసుపు తీగ కాంపొనెంట్ తాలూకు ఆకుపచ్చ సాకెట్‌లో ఉందేమో చూడాలి. ప్లేయర్ సెట్టింగుల్లో పాల్‌కు బదులు ఎన్‌టీఎస్‌సీ ఉన్నా కొన్ని పాత టీవీల్లో రంగు పోతుంది, బొమ్మ జారుతుంది. భారతదేశంలో వాడుకలో ఉన్నది 576 గీతల పాల్ పద్ధతి. మనుషులు పొట్టిగా, లావుగా సాగినట్టు కనిపిస్తే అది 4:3 బొమ్మను 16:9 తెరకు లాగడం వల్ల. టీవీ సెట్టింగుల్లో ఆకార నిష్పత్తి మారిస్తే సరిపోతుంది.

ఇక పెట్టె మీది ఆకర్షణల సంగతి. 4కే స్థాయికి బొమ్మను పెంచుతామని చెప్పే ప్లేయర్లకు ఎక్కువ డబ్బు పెట్టే ముందు చిన్న లెక్క చూసుకోవాలి. పాల్ డీవీడీలో ఒక ఫ్రేముకు 720 × 576, అంటే దాదాపు 4.15 లక్షల చుక్కలు. వీసీడీలో 352 × 288, అంటే లక్ష పైచిలుకు మాత్రమే. 4కే తెర మీద చుక్కలు దాదాపు 83 లక్షలు. డిస్క్‌లో లేని వివరాన్ని ఏ తీగా పుట్టించలేదు. ఖాళీలను అంచనాతో నింపే పనిని టీవీ తనంతట తాను చేస్తుంది. ఆ డబ్బుతో వీసీడీ, డీవీడీ-ఆర్, డీవీడీ+ఆర్ అన్నీ చదివే, ఏవీ, హెచ్‌డీఎంఐ రెండూ ఉన్న సాధారణ ప్లేయర్ కొనడం తెలివైన పని. బ్లూ-రే ప్లేయర్లు డీవీడీలను చదువుతాయి కానీ కొన్ని వీసీడీలను చదవవు. విదేశాల నుంచి బంధువులు తెచ్చిన సినిమా డిస్కులుంటే రీజియన్ కూడా చూడాలి. భారతదేశం 5వ రీజియన్, అమెరికా 1వది. కంప్యూటర్‌కు తగిలించే డీవీడీ డ్రైవ్ చవక కదా అని తెచ్చి టీవీ యూఎస్‌బీ రంధ్రానికి పెడితే సాధారణంగా పని చేయదు.

"ఇంత శ్రమ ఎందుకు, దుకాణంలో ఇస్తే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తారు కదా" అనే వాదన ఉంది. రెండు మూడు డిస్కులే ఉన్నవారికి అది సబబే. కానీ ఇరవై ముప్పై డిస్కులున్న ఇంట్లో ఏది ఆడుతోందో, ఏది ఆగిపోతోందో, దేనిలో ఏముందో ముందు తెలియాలి. అందుకు ప్లేయర్ కావాల్సిందే. పైగా పాత ప్లేయర్ చదవలేదని డిస్క్‌ను పారేయకూడదు. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్రటి లేజర్. దాని లెన్స్ మీద దుమ్ము పట్టినా, లేజర్ బలహీనపడినా మంచి డిస్క్ కూడా చెడ్డదిగా కనిపిస్తుంది. మరో ప్లేయర్‌లో పెట్టి చూశాకే తీర్పు చెప్పాలి.

అసలు ఆలస్యం చేయకూడదనడానికి కారణం డిస్క్ లోపలే ఉంది. దుకాణంలో కొన్న సినిమా డిస్క్‌లో సమాచారం అచ్చు గుద్దిన గుంటల రూపంలో ఉంటుంది. పెళ్లి వీడియో డిస్క్ అలా కాదు. లేజర్‌తో సేంద్రియ రంగు పొర మీద రాసినది. వేడి, తేమ, ఎండ ఆ రంగు పొరను క్రమంగా దెబ్బతీస్తాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఉక్కపోత ఉండే మన ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. డిస్క్ తుడవాల్సి వస్తే గుండ్రంగా కాక, మధ్య నుంచి అంచుకు నేరుగా మెత్తటి గుడ్డతో తుడవాలి.

డిస్క్ ఆడుతున్నట్టు తేలగానే డ్రైవ్ ఉన్న కంప్యూటర్‌లో దాన్ని కాపీ చేయాలి. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు. ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్‌లో అలాంటివి 200కు పైగా ఇముడుతాయి. ఒక ప్రతి ఇంట్లో, మరొకటి అక్క ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో ఉంచితే నిశ్చింత.

తయారీదారుల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. టీవీ పెట్టె మీద తెర పరిమాణం పెద్ద అక్షరాల్లో వేసేవారు వెనుక ఉన్న సాకెట్ల బొమ్మను, వాటి ఉపయోగాన్ని తెలుగు వంటి భాషల్లో వేయడానికి పెద్దగా ఖర్చు కాదు. అమ్మేవారు "మీ టీవీ ఏది?" అని ఒక్క మాట అడిగినా సగం తిరుగుళ్లు తప్పుతాయి. అంతవరకూ కొనేవారు చేయగలిగింది ఒకటుంది. దుకాణానికి బయలుదేరే ముందు టీవీ వెనుక భాగాన్ని ఫోనుతో ఫొటో తీసుకోవాలి, ఒక పాత డిస్క్‌ను సంచిలో వేసుకోవాలి. ఆ డిస్క్ అక్కడే ఆడించి చూపిన ప్లేయర్‌నే కొనాలి.