టర్కీ పిల్లల బేరం: మొదటి నెల నష్టం ఎవరిది?

కోడిగుడ్డుకు రోజువారీ ధర ఉన్నది. 1982లో నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పడిన తరువాత ధర ముందుగా ప్రకటించే పద్ధతి స్థిరపడింది. బ్రాయిలర్‌కు కిలో లెక్క ఉన్నది. పెరట్లో పెంచిన టర్కీ కోడికి మాత్రం ఈ రెండూ లేవు. బేరగాడు చేతితో ఎత్తి చూచి చెప్పిందే ధర. అయితే ఒకరోజు వయసు టర్కీ పిల్లకు మాత్రం దళారి నోట రేటు ఖచ్చితంగా పలుకుతున్నది. అమ్మే చోట ధర లేని సరుకుకు కొనే చోట మాత్రం ధర ఉండటం ఆరోగ్యకరమైన వర్తకం కాదు.

టర్కీ పెంపకంలో నష్టం హెచ్చుగా మొదటి నాలుగు వారాలలోనే వస్తుంది. కోడిపిల్ల పుట్టిన మర్నాడే గింజ ఏరుకుంటుంది. టర్కీ పిల్ల తొట్టి పక్కనే ఉన్నా మేతను, నీటిని గుర్తించక ఆకలితో చచ్చిపోవడం కద్దు. అందుకే దానికి చేతితో తినిపించవలసి ఉంటుంది. పది పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు, లీటరు నీటిలో 100 మిల్లీలీటర్ల పాలు చొప్పున తొలి పక్షం రోజులు రోజు విడిచి రోజు ఇవ్వమని నిపుణులు చెబుతారు. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం కావాలి. తరువాత వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గించాలి. దాణాలో మాంసకృత్తులు 28 శాతం ఉండాలి. బ్రాయిలర్ దాణాతోగాని, తవుడు నూకలతోగాని ఈ అవసరం తీరదు.

ఈ ఖర్చు, ఈ కాపలా, ఈ చావుల నష్టం అన్నీ ప్రస్తుతం కొనుగోలుదారు నెత్తినే పడుతున్నాయి. ఉదాహరణకు పిల్ల 100 రూపాయలనుకుందాం. నూరు పిల్లలు కొన్న ఇంట్లో నెల తిరిగేసరికి 30 చనిపోతే, మిగిలిన 70 పిల్లల అసలు ఖరీదు ఒక్కింటికి 143 రూపాయలు అయినట్లు. దాణా, కరెంటు దీపం ఖర్చు దీనికి అదనం. దళారి చెప్పిన నూరు రూపాయలు అసలు ధర కానే కాదు.

ఇంట్లోనే పొదిగించుకుంటే చవక అనే వాదన ఉన్నది. నాటుకోడి కింద టర్కీ గుడ్లు వేయడం పల్లెల్లో తెలిసిన పద్ధతే. గుడ్డు పెద్దది గనుక తక్కువ గుడ్లు పడతాయి. కోడిగుడ్డు 21 రోజులకు పగిలితే టర్కీ గుడ్డుకు 28 రోజులు పడుతుంది. అన్ని రోజులూ కదలక కూర్చునే కోడినే ఎంచుకోవాలి. అసలు చిక్కు తరువాత వస్తుంది. కోళ్ళ పేగుల్లో ఉండే ఒక రకం పురుగు ద్వారా బ్లాక్‌హెడ్ వ్యాధి నేలకు చేరుతుంది. కోడి దానిని తట్టుకుంటుంది, టర్కీ తట్టుకోలేదు. పొదిగిన తల్లి వెంటే పిల్లలను పెరట్లో తిప్పితే పొదుపు చేసిన డబ్బు పక్షులతో సహా పోవచ్చును. పొదుగు కోడి కిందే అయినా, పెంపకం వేరే దొడ్లోనే కావాలి.

జత లెక్కన అమ్మడమూ సరికాదు. అయిదు పెట్టలకు ఒక పుంజు చాలు. పెట్టకొక పుంజును అంటగడితే మిగిలిన పుంజులు దాణా తినడానికే.

గిరాకీ లేదని ఎవరూ అనలేరు. క్రిస్మస్‌కు అడిగేవారున్నారు. అయితే ఆ గిరాకీకి తేదీ ఉన్నది. జూలై 20న పొదగవేసిన గుడ్లు ఆగస్టు 17 ప్రాంతంలో పగులుతాయి. ఆ పిల్లలకు డిసెంబరు 21 నాటికి 18 వారాలు నిండుతాయి. మంచి జాతి అయితే 16 వారాలకే పుంజు 7 కిలోలు, పెట్ట అయిదున్నర కిలోలు తూగుతుంది. అంటే పండుగ సరుకు పిల్లలు సరిగ్గా వర్షాకాలపు తేమలో మొదటి నెల గడపాలి. అనుభవం లేని ఇంటికి ఆ పిల్లలను అప్పగించి, డిసెంబరులో సరుకు రాలేదని వర్తకులు వాపోవడంలో అర్థం లేదు.

కనుక నెల నిండిన పిల్లనే వర్తకం చేయాలి. ఆ ధరకు కొనేవారు ఉండరని దళారులు అంటారు. కాని 500 పిల్లలను ఒకే షెడ్డులో కాచే వర్తకునికి పిల్ల ఒక్కింటికి పడే ఖర్చు, పది పిల్లలు కాచే ఇల్లాలికి పడేదానికంటే తక్కువే. నష్టాన్ని తగ్గించగల స్తోమత ఎవరికి ఉన్నదో వారే దానిని భరించడం వర్తక న్యాయం. పిల్లలు అమ్మేటప్పుడే జాతి ఏదో చెప్పి, పెరిగిన పక్షిని కిలో ఎంతకు కొంటారో కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఈము పక్షుల వ్యాపారం 2012లో కూలిన తీరు మార్కెట్ మరచిపోరాదు. అక్కడ తినేవారికంటే జతలు కొనేవారే హెచ్చు. కొత్త కొనుగోలుదార్లు ఆగిన నాడు ధర కూడా ఆగిపోయింది. టర్కీ మాంసానికి తినేవారున్నారు. కాని పిల్లల అమ్మకమే లాభంగా సాగితే ఇదీ ఆ దారినే పోతుంది. అప్పుడు మునిగేది పెరట్లో నాలుగు పక్షులు పెంచి నాలుగు డబ్బులు చూడాలనుకున్న కుటుంబం. మరుసటి ఏడు ఆ ఇంటి నుంచి సరుకు రాదు. ఈ సంగతి వర్తకులే ముందుగా గ్రహించవలసి ఉన్నది.