ఒడ్డు మీది కెమెరా పోరన్ని ఎల్లగొట్టకుండ్రి

పోస్టు జర పొడుగైంది, ఓపికతోటి చదవండి.

ఆదివారం పొద్దుగాల అమీన్‌పూర్ చెరువు కాడ, మంజీర ఒడ్డున, ఒక్కోసారి మన పొలాల మధ్యల కూడా పెద్ద పెద్ద లెన్సులు పట్టుకొని తిరిగేటోళ్లను మీరు చూసే ఉంటరు. వారమంతా కంపెనీలనో ఆఫీసులనో డ్యూటీ. సెలవు నాడు తెల్లారకముందే బండి తీస్తరు. బురదల గంటల కొద్దీ కదలకుండ కూసుంటరు. వంద ఫొటోలు కొడితే ఒక్కటి మంచిగొస్తది. ఇంటికి పోయినంక ఏ పిట్ట, ఏడ, ఎన్ని కనబడ్డయో ఈ-బర్డ్‌ల రాసిపెడ్తరు. ఎవ్వరూ పైసలియ్యరు. పని లేనోళ్లని మనం నవ్వుకుంటం, కొందరు కసిరి ఎల్లగొడుతున్నరు. నేననేది ఒక్కటే: ఎల్లగొట్టకుండ్రి. వాళ్లు సరదాకు చేసేది మనకు అక్కరకొచ్చే పని.

పాలపిట్ట సంగతే చూడండి. మన రాష్ట్ర పక్షి, దసరా నాడు కనబడితే శుభమంటం. చేన్ల మిడతలను, పురుగులను ఏరుకొని తింటది, అంటే కూలి అడగని జీతగాడు. అది తక్కువైందని మనకు అనిపిస్తది గని, అనిపిస్తే లెక్కల్లకు రాదు. 2023ల మన దేశపు పక్షుల స్థితి మీద నివేదిక వచ్చింది. 30 వేలకు పైగా మంది పక్షులను చూసి రాసుకున్న దాదాపు 3 కోట్ల నమోదులు దానికి ఆధారం. పాలపిట్టలు బాగా తగ్గుతున్నయని అందుల తేలింది. ఈ సెలవు రోజు మనుషులు రాసుకోకపోతే ఆ ముచ్చట ఎవరికీ తెల్వకపోవు.

మన పటాన్‌చెరు దిక్కు ఇది ఇంకా ముఖ్యం. ఇక్కడి కాలుష్యం కేసు 1990లనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. నక్కవాగు ముచ్చట మన పెద్దోళ్లకు తెలుసు. 2017ల గండిగూడెం చెరువుల చేపలు చచ్చి తేలినయి. ఇసొంటివి జరిగినప్పుడల్లా మనల్ని అడిగేది ఒక్కటే: ఇంతకుముందు చెరువు ఎట్లుండె, ఎప్పటిసంది చెడ్డది? రాత్రి ఇడిచిన నీళ్లు పొద్దటికి కొట్టుకపోతయి. మన నోటి మాట ఎవరూ కాగితం మీద ఎక్కియ్యరు. తారీకుతోటి ఉన్న ఫొటో అయితే మాట్లాడుతది. పోయినేడు చలికాలం హిమాలయాల అవతలి నుంచి బాతులు దిగిన నీళ్లల్ల ఈయేడు నురగ ఉన్నదంటే, రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే సాలు. 2016ల అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిండ్రు. అసొంటి గుర్తింపుకైనా ముందుగాల చూపెట్టాల్సింది అక్కడ ఏమేం బతుకుతున్నయన్నదే.

అట్లని వాళ్లు చేసేదంతా సరైందని నేననను. నారుమడి తొక్కుడు, గూడు కనబడాలని కొమ్మలు ఇరుసుడు, డ్రోను ఎగిరేసి బర్లను బెదిరిచ్చుడు, అడగకుండ మన ఆడోళ్ల ఫొటోలు తీసుడు, ఇవి నడవయి. ముఖం మీదనే చెప్పాలె. "అడిగి రా తమ్మీ, ఒడ్డు మీదికెళ్లి నడువు, మా చెరువు ఫొటోలు మాకు కూడా పంపు" అంటే మర్యాదస్తులు ఇంటరు.

మన పిల్లల చేతుల కూడా ఫోన్లున్నయి. వాగు రంగు మారితే లొకేషన్ ఆన్ చేసి ఫొటో కొట్టుమనండి. ఆ ఫొటోల తారీకు, టైము, జాగ దాగి ఉంటయి. మామూలుగ వాట్సాప్‌ల పంపితే అవి పోతయి, అందుకే డాక్యుమెంట్ లెక్క పంపాలె, అసలుది ఫోన్ల నుంచి తీసెయ్యొద్దు.

ఈ ఆదివారం మీ పొలం కాడికి ఎవలన్న కెమెరా పట్టుకొనొస్తే చాయ్ పోసి, పేరు, నంబరు రాసిపెట్టుకోండి. చెరువు రంగు మారిన నాడు ముందుగాల ఆ నంబరుకే ఫోన్ చెయ్యాల్సొస్తది.